అలక తీర్చుట



కోపము వచ్చిన మనుష్యుని శాంతపరచుట ఈ పూట నా ప్రసంగమునకు విషయము. ఇంగ్లీషు భాషలో ఈ పనికి అరడజను మాటలున్నవి. వానిలో 'ప్లకేట్' అను మాట మన కార్యాలయములలోను, పత్రికలలోను, ఈ జంషెడ్‌పూరు కర్మాగారముల మీటింగులలోను తరచుగా వినవచ్చుచుండును. లాటిను భాషలో దీని మూలధాతువునకు శాంతింపజేయుట అని అర్థము. సంతోషపెట్టుట యను అర్థమున వాడు 'ప్లీజ్' కూడ ఈ కుటుంబములోనిదే. దేవతల విషయమున 'ప్రొపిషియేట్' అందురు. కరకుదేరిన మనస్సును మెత్తబరచుటకు 'మాలిఫై' అందురు. విడిపోయినవారిని కలుపుటకు 'కన్సిలియేట్' అందురు. ఒక రాజ్యము మరియొక రాజ్యమును తృప్తిపరచుటకు 'అపీజ్' అందురు. నిఘంటువు తెరచి చూచినచో ఇవన్నియు పర్యాయపదములుగా కనబడును గాని, వాడుక ఎరిగినవాడు ఒకదాని చోట మరియొకటి పెట్టడు. 'ప్లకేట్' అన్నప్పుడు ఎదుటివాని కోపము న్యాయమైనదా కాదా అను విచారణ ఆ మాటలో ఇమిడిలేదు; కోపము చల్లారినదా లేదా అన్నంతవరకే దాని లెక్క. అందుచేతనే ఒక అధికారి 'వర్కర్లను ప్లకేట్ చేసినాము' అని చెప్పుకొన్నప్పుడు ఆ పలుకులో ఒక పీడ వదలినదన్న నిట్టూర్పు వినబడును. 'మమ్ములను ప్లకేట్ చేసినారు' అని సంతోషముతో చెప్పుకొన్న కార్మికుని మాత్రము నేను ఈ ఊరిలో ఎన్నడును చూడలేదు.

మన భాషలో ఈ పనికి మాటల కరవు లేదు. అయితే మనవారు వానిని పాత్రులను బట్టి పంచిపెట్టినారు. బుజ్జగింపు పసిబిడ్డది, అనునయము ప్రియురాలిది, ఊరడింపు దుఃఖితునిది, ప్రసన్నత దేవతది. వయస్సు వచ్చిన మనుష్యుని కోపమునకు బుజ్జగింపు అను మాట వాడినచో ఆతనిని ఉయ్యాలలో పరుండబెట్టినట్లే యగును. మన దినపత్రికలు ఎన్నికల కాలమున ఈ మర్యాదను ఏనాడో దాటినవి. అభ్యర్థుల జాబితా వెలువడిన మరునాడు, టిక్కెట్టు దొరకని నాయకుని ఇంటికి పార్టీ పెద్దలు పోవుట, తలుపులు మూసికొని గంటల తరబడి మాటలాడుట, సాయంకాలమునకు ఆయన నామినేషను ఉపసంహరించుకొనుట, బుజ్జగింపులు ఫలించినవని ఉదయము మనము చదువుట పరిపాటి యైపోయినది. అరువదేండ్లు నిండిన నాయకుడు బుజ్జగింపునకు లొంగినాడన్నప్పుడు మొదట నవ్వు వచ్చును గాని, ఆ విలేఖరి మాటను సరిగానే ఏరుకొన్నాడని పిమ్మట తోచును. మూసిన తలుపుల వెనుక చేతులు మారినదేమో లోకమునకు తెలియనంతకాలము దానికి రాజీ యను గౌరవనామము చెల్లదు గదా!

పెద్దవారి అలకను పదిమంది యెదుట నగుమొగములతో తీర్చు వేడుక ఒకటి మన పెండ్లిండ్లలో ఉన్నది. దానిని అలకపాన్పు అందురు. పెండ్లికుమారుడు పాన్పెక్కి మొగము ముడుచుకొని కూర్చుండును. అత్తమామలును బావమరదులును వచ్చి బతిమాలుదురు. కోరినది చేతికి వచ్చిన పిమ్మట ఆయన చిరునవ్వుతో దిగును. పూర్వము ఆ కోరిక చేతిగడియారముతోనో సైకిలుతోనో తీరెడిది. పిమ్మట స్కూటరు వచ్చినది. తరువాతి సంగతి ఆడపిల్లల తండ్రులకు నేను చెప్పనక్కరలేదు. లేని కోపమును తెచ్చిపెట్టుకొని దానిని తీర్చుటకు వెల కట్టు ఈ ఆచారములో కొంత చమత్కారమున్నది, కొంత క్రౌర్యమును ఉన్నది. పుట్టినిల్లు విడిచిపోవుచు నిజముగా అలుగుటకు వేయి కారణములున్న పెండ్లికూతురికి మాత్రము మన పెద్దలు ఏ పాన్పును వేయలేదు.

ఆమె పక్షమున అలిగినది తెలుగు కవిత్వములోని సత్యభామ. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి యగు నంది తిమ్మన రచించిన పారిజాతాపహరణము ఒక అలక చుట్టును అల్లిన కావ్యము. నారదుడు స్వర్గమునుండి తెచ్చిన ఒక్క పారిజాతపుష్పమును కృష్ణుడు రుక్మిణి చేతికిచ్చెను. చెలికత్తె ఆ వార్తను సత్యకు మోసికొనివచ్చెను. ఆమె నగలు ఊడ్చి, మాసిన చీర కట్టి, కోపగృహము చొచ్చి పరుండెను. కృష్ణుడు వచ్చి మాటలతో వేడెను. మాటలు చాలక పోగా పాదములకు మ్రొక్కెను. ఆమె ఎడమకాలితో ఆ శిరస్సును త్రోసెను. జగన్నాథుడు అందుకును కోపింపక, తన మేని గగుర్పాటు ఆమె మెత్తని పాదమును నొప్పించినదేమో యని తానే నొచ్చుకొనెను. రాయలకు దేవేరి తిరుమలదేవిపై ఏదో కారణమున అలుక కలుగగా, ఆ అలుకను తీర్చుటకే తిమ్మన ఈ కావ్యమును చెప్పెనని పెద్దలు ఒక కథ చెప్పుదురు. దేవదేవుడే కాలితాపు సహించినాడు గదా, దేవర సహింపరాదా అని కవి రాజునకు పరోక్షముగా విన్నవించెనని ఆ కథ తాత్పర్యము. దీనికి చరిత్రలో ఆధారము వెదకుట వృథాశ్రమ. అయినను, అలిగిన రాజును నేరుగా బతిమాలుటలో గల ప్రమాదమును తెలిసి, మరియొకరి అలకను చూపి ఆతనిని మెత్తబరచిన మంత్రాంగముగా ఆ కావ్యమును మన జాతి గుర్తుంచుకొన్నదనుటకు ఆ కథ యొక్కటి చాలును.

కావ్యము చదివినవారు కాలితాపు ఘట్టమును కంఠస్థము చేసి, దాని తరువాతి మాటను తరచుగా మరచిపోవుదురు. సత్య అలుక తీరినది మ్రొక్కుటచేత గాదు. స్వర్గమునుండి పారిజాతవృక్షమునే తెచ్చి ఆమె యింట నాటెదనని కృష్ణుడు మాట ఇచ్చిన పిమ్మటనే ఆమె కన్నులు తుడుచుకొన్నది. పువ్వునకు బదులు పువ్వు ఇచ్చుట ఆయనకు కష్టమా? అది చాలదని ఇద్దరకును తెలియును. రుక్మిణికి పువ్వు ఇచ్చినది పదిమంది యెదుట. ఆ పదిమంది యెదుట తన స్థానమేమో తేలవలెనన్నది సత్య పంతము. వాకిట చెట్టు నిలిచినచో ద్వారకానగరమంతయు చూచును. ఆ చెట్టుకొరకు కృష్ణుడు ఇంద్రునితో యుద్ధము చేయవలసివచ్చెను. అనగా అనునయించుటకు ఆయన ఖర్చు పెట్టినది తీయని మాటలను కాదు, తన బాహుబలమును, తన చుట్టరికమును. నా మట్టునకు ఆ కావ్యములోని నిజమైన అనునయఘట్టము కోపగృహములో గాక ఇంద్రుని యుద్ధభూమిలో జరిగినదని తోచును.

ఇక మన ఊరి సంగతికి వత్తును. సువర్ణరేఖా ఖర్కాయి నదుల నడుమ, సాక్చి అను పల్లె నానుకొని, 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1912లో ఉక్కు తీయుట మొదలిడెను. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఈ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టగా, కాలిమాటి స్టేషను టాటానగరమైనది. బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వెంట గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి వచ్చినవారు ఇచ్చటి కొలుములయొద్ద తక్కిన జాతులవారితో భుజము కలిపినారు. వారి మనుమలు మునిమనుమలే నేడు బిష్టుపూరు రామమందిరములో నవమినాడు పానకము పంచుచున్నారు, కదమాలో తెలుగు సంఘముల ఎన్నికలలో పోటీపడుచున్నారు. ఆ ఎన్నికల తరువాతి అలకలు వేరొక ప్రసంగమునకు తగిన వస్తువు.

ఈ కంపెనీ ఆనాటి లెక్కలో కఠినమైన యజమాని కాదు. దేశములో చట్టము పుట్టుటకు ఎన్నో ఏండ్ల ముందే, 1912లో, ఎనిమిది గంటల పనిదినమును పెట్టినది. వైద్యము, బడి, భవిష్యనిధి మొదలగు ఏర్పాట్లు ఒకదాని వెంట ఒకటి చేసినది. అయినను 1920 ఫిబ్రవరిలో పని ఆగిపోయెను. యుద్ధకాలమున ధరలు పెరిగినవి, జీతములు వానిని అందుకొనలేదు. మార్చిలో తుపాకులు పేలినవి, ప్రాణములు పోయినవి. చివరకు జీతములు కొంత పెరిగినవి, కొలుములు మరల రాజినవి. ఆ సమ్మెలోనే జంషెడ్‌పూరు లేబర్ అసోసియేషను పుట్టెను. కంపెనీ కూలివానికి డబ్బు ఇచ్చుటకు సమ్మతించినది గాని ఆతని సంఘము తనతో సమానముగా బల్లకు ఎదుట కూర్చుండుటకు సమ్మతింపలేదు. ఫలితము రెండేండ్లలోనే కనబడెను. 1922లో రెండవ సమ్మె జరిగినది, కార్మికులు ఓడిపోయిరి, సంఘ కార్యదర్శి జి. సేఠీ కంపెనీ ఉద్యోగమును కోల్పోయెను. ఊరు నిశ్శబ్దమైనదన్న మాట నిజమే. ఆ నిశ్శబ్దము వెనుక కోపము అణగియుండుటయు నిజమే.

దీనబంధు ఆండ్రూస్ వంటి పెద్దలు ఆ చిక్కును విప్పుటకు పూనుకొనిరి. 1925 ఆగస్టులో గాంధిజీ ఈ ఊరికి వచ్చెను. కంపెనీ పక్షమున ఆర్. డి. టాటా ఆయనను కలిసికొని మాటలాడిన మీదట కుదిరిన సంగతులు మూడు: కంపెనీ సంఘమును గుర్తించుట, సభ్యుల చందాను జీతమునుండి మినహాయించి సంఘమునకు చెల్లించుట, సేఠీని తిరిగి ఉద్యోగములోనికి తీసికొనుట. ఈ మూడింటిలో ఏదియు ఏ కార్మికుని జీతమును ఒక్క పైసయైనను పెంచలేదన్నది గమనింపదగినది. లెక్కలు చూచు గుమాస్తాకు దీనిలో కంపెనీ ఇచ్చినదేమియు కనబడదు. ఐదేండ్లు రగిలిన తగవు ఆ మూడు మాటలతో చల్లారెను. కర్మాగార పరిభాషలో 'గుర్తింపు సంఘము' అన్నప్పుడు ఆ గుర్తింపు అను మాట మనకిప్పుడు ఫైలులోని ముద్రవలె వినబడును గాని, ఆనాడు ఆ మాటకొరకు మనుష్యులు ఆకలికి ఓర్చినారు. సత్యభామ వాకిట చెట్టు వంటిదే అది.

గుర్తించిన సంఘమున్నంత మాత్రమున అలకలు శాశ్వతముగా తీరునా? తీరవని 1928 నిరూపించినది. ఆ యేడు మనుష్యుల సంఖ్యను తగ్గించు ప్రయత్నముపై మొదలైన కలహము సమ్మెగాను లాకవుటుగాను నెలల తరబడి సాగెను. ఈసారి కార్మికులలో పలువురు గుర్తింపు పొందిన అసోసియేషనును ప్రక్కకు నెట్టి మాణెక్ హోమీ అను పార్సీ న్యాయవాది వెంట నడచిరి. అసోసియేషను పిలుపుపై సుభాష్ చంద్ర బోసు ఆగస్టులో వచ్చి, సెప్టెంబరు 12న కంపెనీతో ఒడంబడిక కుదిర్చెను. ఒడంబడిక నిబంధనలను చదివినవానికి అవి తీసివేయదగినవిగా తోచవు. హోమీ పక్షము వానిని నిరాకరించి వేరుగా లేబర్ ఫెడరేషనును స్థాపించెను. ఎండలో నిలిచి పోరాడినవాడు ఒకడు, సంతకము చేసినవాడు మరియొకడు అయినప్పుడు ఎంత మంచి షరతులైనను కొందరి నోటికి చేదుగానే ఉండును. సుభాషుని పేరుప్రతిష్ఠలు కూడ ఆ చేదును పోగొట్టలేకపోయినవి. ఆ తరువాత ఆయన ఎన్నో ఏండ్లు అసోసియేషనుకు అధ్యక్షుడుగా ఉండి, ఆ చీలికతోనే కాలము గడుపవలసివచ్చెను.

పశ్చిమదేశములలో 'అపీజ్' అను మాటకు పట్టిన గతి ఈ సందర్భమున జ్ఞాపకము వచ్చును. 1938కి పూర్వము ఆ మాట పెద్దమనుష్యుల మాట. అపీజ్‌మెంటు తన విధానమని బ్రిటిషు ప్రధానమంత్రి చేంబర్లేను తలయెత్తి చెప్పుకొనెడివాడు. ఆ యేడు సెప్టెంబరు చివర మ్యూనికు నగరమున ఆయన, ఫ్రెంచి ప్రధానమంత్రి దలాదియే, ముసోలినీ కూడి హిట్లరుతో సంతకములు చేసి చెకోస్లోవేకియాలోని సుడెటెన్ ప్రాంతమును ఆతనికి ధారపోసిరి. ఎవరి భూమి పోవుచున్నదో ఆ దేశపు ప్రతినిధులను సభలోనికి రానీయలేదు. ఆరు నెలలు నిండకమునుపే, 1939 మార్చిలో, జర్మను సేనలు ప్రాగు నగరమున ప్రవేశించెను. నాటినుండి ఆ మాట తిట్టుగా మారినది. ఎదుటి పక్షమును నిందింపదలచిన రాజకీయవేత్త ఏ దేశములోనైనను దానినే చేతికి తీసికొనును, మన దేశములోను తీసికొనుచున్నాడు.

పౌరాణిక నాటకములు చూచి పెరిగిన తెలుగువానికి ఇచ్చట ఒక సందేహము రాక తప్పదు. కృష్ణరాయబారము మాత్రము ఏమి? అర్ధరాజ్యమునకు బదులు ఐదూళ్లిచ్చినను చాలునని దుర్యోధనుని యెదుట నిలిచి అడుగుట అపీజ్‌మెంటు కాదా? తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ నాటకము ఆడినచోటనెల్ల ఆ ఘట్టమునకు వన్స్‌మోర్ కొట్టిన జనము చేంబర్లేనును ఎందుకు మెచ్చుకొనదు? నా ఊహ యిది. ఐదూళ్లకు దిగివచ్చినప్పుడు పాండవులు తగ్గించుకొన్నది తమ హక్కును. దానికి వారి సమ్మతి కలదు, ద్రౌపది నిరసనను కూడ విన్న పిమ్మటనే రాయబారి బయలుదేరెను. మ్యూనికులో ఇచ్చినది పరుల ఇల్లు. తన ఆస్తినుండి ఇచ్చి పగను ఆర్పజూచినవాడు మోసపోయినను నవ్వులపాలు కాడు. పొరుగువాని గోడ పడగొట్టి దొంగను శాంతింపజేసినవాడు దొంగతో పాటు తానును ఆ పొరుగువానికి లెక్క చెప్పవలసియుండును.

ఈ మాట అన్న నోటితో ఈ ఊరి నేలను గూర్చి కూడ ఒక మాట అనవలెను. మన కొలుములును, మన క్వార్టర్లును, మన గుడులును నిలిచిన నేల అంతకుపూర్వము సంతాలులు, హోలు, భూమిజులు దున్నుకొనిన నేల. వారి ఇలవేలుపుల తోపులను జాహెర్‌థానములందురు. ఫాల్గుణమాసమున సాలవృక్షములు పూచినప్పుడు సంతాలులు బాహా పండుగ చేయుదురు. నాయకె యను పూజారి సాలపుష్పములను, ఇప్పపూవులను జాహెర్ ఆయోకును మరాఙ్ బురునకును సమర్పించువరకు ఆచారపరులు ఆ యేటి క్రొత్తపూవును తలలో తురుమరు, ఇప్పపూవును నోట పెట్టరు. మన ఉత్తరాంధ్రలో అమ్మవారు ఆగ్రహించి ఊరిలో మసూచి ప్రబలిన పిమ్మట వేపమండలతోను, పసుపునీళ్లతోను, చల్లతోను ఆమెను చల్లబరచెడివారు; జాతరలో ఘటము లెత్తునప్పుడు నేటికిని చల్లగా చూడుమనియే మ్రొక్కుదురు. రెండును దేవతాప్రసాదనములే గాని వానిలో గొప్ప భేదమున్నది. అమ్మవారి విషయమున కోపము ముందు, మ్రొక్కు వెనుక. బాహాలో ముట్టుకొనుటకు ముందే అనుమతి. అలిగినదాకా ఆగుట అను ప్రసక్తియే అందు లేదు. ఆ ముందుగా అడుగు అలవాటు ఈ లోయలోనికి రైలుమార్గములతోను గనులతోను వచ్చిన పెద్దలకు ఉండియుండినచో ఎన్ని అలకలు పుట్టకయే పోయియుండెడివో!

కర్మాగారము ఆ పాఠమును చాల ఆలస్యముగా నేర్చుకొన్నది. 1937లో కార్మికనాయకుడు అబ్దుల్ బారీ పాత అసోసియేషనును టాటా వర్కర్స్ యూనియనుగా తీర్చిదిద్దెను. 1947లో ఆయన హతుడైన పిమ్మట మైకేలు జాను అధ్యక్షుడయ్యెను. ఆయన కాలమున, 1956లో, కంపెనీకిని యూనియనుకును కుదిరిన ఒడంబడిక ప్రకారము డిపార్టుమెంటు మొదలు కంపెనీ పైస్థాయి వరకు మూడు అంతస్తుల సంయుక్త మండలులు ఏర్పడెను. పని పద్ధతిలో మార్పు వచ్చునప్పుడు, షాపుఫ్లోరులో ఫిర్యాదు మొలకెత్తునప్పుడు, అది సమ్మె నోటీసుగా పెరుగకమునుపే ఇరుపక్షములు కూర్చుండి మాటలాడుట దాని ఉద్దేశము. ఇది సర్వరోగనివారిణి యని చెప్పను. రెండేండ్లలో, 1958లో, కమ్యూనిస్టుల నాయకత్వమున ఈ ఊరిలోనే పెద్ద సమ్మె జరిగినది. గుర్తింపు పొందిన యూనియనుకు వెలుపల నిలిచినవారి కోపమును ఆ మండలులు వినలేదని దాని అర్థము. 1928 నాటి కథకు ఇది రెండవ ప్రకరణము.

కూర్చుండి మాటలాడుటయే మార్గమని దేశమునకు బోధించినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడు కావుట ఈ ప్రసంగమున చెప్పక విడువరాని సంగతి. వరాహగిరి వేంకటగిరి 1894లో బరంపురమున పుట్టెను. 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు పోయెను. ఆ యేడే డబ్లిను నగరమున యజమానులు వేలకొలది కార్మికులను వాకిట నిలిపి తలుపులు మూసిన మహాకలహము జరిగినది. 1916లో స్వదేశమునకు వచ్చి, కొంతకాలమునకు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమునకు నాయకుడయ్యెను. ఖరగ్‌పూరు కార్ఖానాలలోని తెలుగు కూలీలు ఆయనను తమవానిగా ఎరుగుదురు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు ప్రభుత్వములో కార్మికమంత్రి యయ్యెను. 1952లో శ్రీకాకుళపు పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్రములో ఆ శాఖనే చేపట్టెను.

అప్పటికే 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము అమలులో ఉండెను. దాని ప్రకారము తగవు పుట్టినప్పుడు ప్రభుత్వము నియమించిన రాజీ అధికారి ఇరుపక్షములను పిలిచి పదునాలుగు దినములలో తన యత్నము ముగించి నివేదిక పంపవలసియుండెను. రాజీ కుదిరినచో అది సంతకము చేసినవారికే గాక ఆ సంస్థలోని కార్మికులందరకును, తరువాత చేరబోవువారికి కూడ కట్టుబాటయ్యెడిది. కుదరనిచో ప్రభుత్వము తగవును ట్రిబ్యునలుకు పంపగలిగెడిది. ఈ చివరి మెట్టు గిరిగారికి నచ్చలేదు. పైనుండి వచ్చిన తీర్పు తగవును కొట్టివేయును గాని పగను అట్లే ఉంచును. ఓడినవాడు తరువాతి అవకాశమునకై పొంచియుండును. ట్రిబ్యునలు ఉన్నదిగదా యని ఇరుపక్షములును మనస్సు పెట్టి మాటలాడుట మానివేయును. ఇది ఆయన వాదము. దీనికి 'గిరి అప్రోచ్' అని పేరు వచ్చినది. యజమానులలోనే గాక యూనియన్లలోను పలువురు దీనిని ఒప్పుకొనలేదు. బలహీనమైన సంఘమునకు బేరమాడుమని చెప్పుట నిరాయుధుని యుద్ధమునకు పంపుట యని వారన్నారు. ఆ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. గిరిగారు తన యెదుట బలమైన రైల్వే సంఘములను ఉంచుకొని మాటలాడినారు. ఇటుకబట్టీలో కూలివానికి ఆ బలమెక్కడిది?

ఇంతలో విధి ఆయనను ఒక విచిత్రమైన స్థితిలో నిలిపెను. బ్యాంకు ఉద్యోగుల జీతముల తగవు ట్రిబ్యునలునుండి అపీలు ట్రిబ్యునలుకు పోయి అచ్చట తీర్పు వెలువడెను. 1954 ఆగస్టులో ప్రభుత్వము ఆ తీర్పును ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను. ట్రిబ్యునళ్లనే వలదన్న మంత్రి, ట్రిబ్యునలు తీర్పును నిలుపుటకై తన పదవిని వదలుకొనెను. ఉద్యోగులతో నాలుగు తీయని మాటలాడి, కాలము మంచిది కాదని నచ్చజెప్పి, వారిని ఆయన చల్లబరచియుండవచ్చును. ఆ నేర్పు ఆయనకు కొరవడలేదు. ప్రభుత్వము పిమ్మట ఒక కమిషనును వేసెను, 1955లో దాని సిఫారసులను అమలుపరచు చట్టము వచ్చెను, ఉద్యోగులు పోగొట్టుకొన్నదానిలో చాలభాగము తిరిగి పొందిరి. గిరిగారు గవర్నరైరి, ఉపరాష్ట్రపతియైరి, రాష్ట్రపతియు నైరి గాని కేంద్ర మంత్రివర్గములో మరల అడుగుపెట్టలేదు.